నంబర్ టూ, నంబర్ త్రీ: ఇంఫాల్, కొహిమా దారుల్లో ఆరు రోజులు

మా తాతకు కుడి చెవి వినపడేది కాదు. మా బావ వాళ్ళ తాతకు ఎడమ చెవి వినపడేది కాదు. ఇద్దరూ సాయంత్రం మా ఇంటి అరుగు మీద చేరారంటే వీధి చివరి దాకా వాళ్ళ మాటలే. ఎవరింట్లో సంబంధం తప్పిపోయింది, ఎవరు చేను తాకట్టు పెట్టారు, అన్నీ గుట్టుగా మాట్లాడుకుంటున్నామనుకుని కేకలేసి చెప్పుకునేవాళ్ళు. ఆ చెప్పుకుంటున్న ఇంటివాళ్ళు వీధిలోంచి వెళుతున్నా సరే. మా నాయనమ్మ సిగ్గుపడి లోపలికి పోయి తలుపేసుకునేది. రెండో తాత ఆవిడకు సొంత తమ్ముడు.

మాది తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం. మిలట్రీ మాధవరం అంటే చుట్టుపక్కల అందరికీ తెలుసు. రెండు ప్రపంచ యుద్ధాలకీ మా ఊరి నుంచి మనుషులు వెళ్ళారు. చనిపోయినవాళ్ళ గుర్తుగా ఊళ్ళో స్మారకం ఉంది. అలాంటి ఊళ్ళో మా తాతలిద్దరిలా రెండో ప్రపంచ యుద్ధంలో ఫిరంగి పటాలంలో పనిచేశానంటే ఎవరూ కళ్ళింతలు చేసుకుని చూడరు. "ఏ రెజిమెంటండీ?" అని మాత్రం అడుగుతారు. మా చిక్కంతా ఆ ప్రశ్న దగ్గరే. తాత డిశ్చార్జి కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి ట్రంకు పెట్టెలో దాచారు. సరిగ్గా నంబరు ఉన్నచోటే మడత పడి కాగితం చిరిగిపోయింది. మిగిలింది 'రాయల్ ఇండియన్ ఆర్టిలరీ' అన్న మూడు మాటలు. ఆ 'రాయల్' కూడా 1945లో తగిలించిందే.

కాగితం సంగతి అలా ఉంచితే, తాత నోటి నుంచి మాకు మిగిలినవి నాలుగు ముక్కలు. ఒకటి, నాగాలాండ్‌లోని కొహిమా. రెండు, "నేను నంబర్ త్రీ". మూడు, "చుట్టూ కొండలు, మధ్యలో పళ్ళెంలా నేల, తిండి విమానంలో వచ్చేది". నాలుగోది మా పిల్లలందరికీ నీరసం తెప్పించేది: "జపానోణ్ణి ఒక్కణ్ణి కూడా చూళ్ళేదురా. కర్రను చూస్తూ కొట్టేవాణ్ణి." యుద్ధానికి వెళ్ళి కర్రను చూడటమేమిటో మాకు బోధపడలేదు. ఆయన విడమర్చి చెప్పనూ లేదు.

బావ వాళ్ళ తాత నంబర్ టూ. మూడు కంటే రెండు పెద్దది కాబట్టి వాళ్ళ తాత మా తాతకు ఆఫీసరని చిన్నప్పుడు బావ నన్ను బాగా ఏడిపించేవాడు. ఈ యాత్రకు బయల్దేరేనాటికి బావ సర్వే శాఖలో రిటైరై ఏడాదైంది. గొలుసులు, థియోడొలైట్లు పట్టుకుని ముప్పై ఏళ్ళు పొలం గట్ల మీద తిరిగిన మనిషి. ఇంట్లో తోచక, "కొహిమా పోదామా?" అన్నాడు. 2019 నవంబరులో వెళ్ళాం.

మొదటి రోజు

గన్నవరం నుంచి హైదరాబాద్, అక్కడి నుంచి కలకత్తా. నాగాలాండ్‌లో అడుగుపెట్టాలంటే మనలాంటి బయటి రాష్ట్రాల వాళ్ళకు ఇన్నర్ లైన్ పర్మిట్ ఉండాలి. కలకత్తాలోని నాగాలాండ్ హౌస్‌లో తీసుకున్నాం. ఫొటోలు సరిపోతాయో లేదోనని బావకు దారంతా టెన్షన్. ఎనిమిది ఫొటోలు తెచ్చాడు, రెండు చాలాయి. మిగతావి తిరిగి ఇంటికి చేరేదాకా జేబులోనే ఉన్నాయి. ఇంకేం చెప్పుకోదగ్గ విషయం లేదు.

రెండో రోజు

విమానం కిందికి దిగుతుంటే కిటికీ దగ్గర కూర్చున్న బావ నా మోచేతిని గట్టిగా పట్టుకున్నాడు. ఎటు చూసినా నీలంగా కొండలు, మధ్యలో కోత కోసిన వరి పొలాలతో చదునైన నేల.

"పళ్ళెం" అన్నాడు.

నేనేమీ అనలేదు. అయితే అనుమానం అప్పుడే మొదలైంది. మేం చూస్తున్నది కొహిమా కాదు, మణిపూర్‌లోని ఇంఫాల్.

1944 మార్చిలో జనరల్ ముతాగుచి నడిపిన జపాన్ 15వ సైన్యం మూడు డివిజన్లతో చింద్విన్ నది దాటి ఇటు వచ్చింది. మొత్తం 85 వేల మంది దాకా ఉంటారు. మార్చి నెలాఖరుకు ఇంఫాల్ నుంచి కొహిమా మీదుగా దిమాపూర్ వెళ్ళే దారి తెగిపోయింది. జూన్ 22 దాకా, అంటే మూడు నెలల పాటు, ఈ పళ్ళెంలో ఉన్న సైన్యానికి బియ్యం గింజ నుంచి ఫిరంగి గుండు దాకా గాలిలోనే వచ్చింది. వచ్చిన విమానాలు గాయపడ్డవాళ్ళను ఎక్కించుకుని వెళ్ళేవి. ఈ మైదానంలో అప్పట్లో ఆరు రన్‌వేలు ఉండేవి. మేం దిగిన తులిహాల్ అందులో ఒకటి. ఊరికి ఉత్తరాన ఉన్న కొయిరెంగై అప్పటి పెద్ద రన్‌వే. ఆ రన్‌వే మీద ఇప్పుడు జనం పొద్దున్నే వాకింగ్ చేస్తున్నారు.

మధ్యాహ్నం శ్మశానాలు చూశాం. ఇంఫాల్‌లో రెండున్నాయి. పెద్దదానిలో 1,600 సమాధులు. వరసగా రాళ్ళు, రాళ్ళ మధ్య పూలమొక్కలు, ఒక్క ఎండుటాకు కూడా లేదు. రెండోది ఇండియన్ ఆర్మీ వార్ సెమెటరీ. ముస్లిం సైనికుల సమాధులు చాలా వరకు అక్కడే. దహనం చేసిన హిందూ, సిక్కు సైనికులకు సమాధులుండవు కదా. వాళ్ళ కోసం అక్కడే ఒక స్మారకం కట్టి, 800కు పైగా పేర్లు చెక్కారు. బావ కళ్ళజోడు తుడుచుకుని ఒక్కో పేరూ చదివాడు. పేరు చివర 'అయ్య' కనిపిస్తుందేమోనని ఆయన ఆశ. మా ఇద్దరు తాతలూ బతికి వచ్చారు కాబట్టి ఇక్కడ వాళ్ళ పేర్లు వెతకడంలో అర్థం లేదు. అయినా చీకటి పడేదాకా వెతికాం. ఇక్కడ నవంబరులో చీకటంటే సాయంత్రం నాలుగున్నరే.

రాత్రి ఇమా కైథెల్‌కు వెళ్ళాం. వేల మంది ఆడవాళ్ళు నడిపే బజారు. మగవాళ్ళు కొనుక్కోవచ్చు గాని, కొట్టు పెట్టడానికి లేదు. ఒక వరసంతా ఙారి, అంటే ఊరబెట్టి మగ్గించిన చేప. ఆ వాసనకు నాకు నరసాపురం ఎండుచేపల సంత గుర్తొచ్చింది. బావకు మాత్రం కడుపులో తిప్పింది. నేను అత్తకని చక్-హావ్, అంటే నల్లబియ్యం, రెండు కిలోలు కొన్నాను.

మూడో రోజు

మేం మాట్లాడుకున్న కారు డ్రైవరు మైతేయి కుర్రాడు, హిందీ బాగా మాట్లాడతాడు. వాళ్ళ ఊళ్ళో ఈ యుద్ధాన్ని 'జపాన్ లాన్' అంటారట. లాన్ అంటే యుద్ధం. వాళ్ళ అవ్వ కాలాన్ని జపాన్ లాన్‌కు ముందు, జపాన్ లాన్‌కు తర్వాత అని లెక్కపెట్టేదట. యుద్ధం ఎవరిదైతేనేం, ఇల్లు వదిలి అడవి పట్టింది ఆమె.

దక్షిణంగా తిద్దిం రోడ్డు మీద 16 కిలోమీటర్లు వెళితే మైబమ్ లోక్పా చింగ్ అనే చిన్న గుట్ట వస్తుంది. ఇంగ్లీషు వాళ్ళు రెడ్ హిల్ అన్నారు. మిలట్రీ మ్యాపులో ఎత్తును అడుగుల్లో వేసి పాయింట్ 2926 అని రాసుకున్నారు. మైదానం పక్కనే ఉంటుంది కాబట్టి ఎక్కడానికి పావుగంట చాలు. 1944 మే నెలాఖరున జపాన్ 33వ డివిజన్ దళమొకటి దీన్ని పట్టుకుంది. ఈ దారిలో జపాన్ వాళ్ళు ఇంఫాల్‌కు ఇంత దగ్గరగా వచ్చింది ఇక్కడే. కింద నుంచి ఫిరంగులు, ట్యాంకులు, పై నుంచి విమానాలు కొద్ది రోజుల పాటు కొట్టాయి. ఎక్కినవాళ్ళలో తిరిగి దిగినవాళ్ళు అతి కొద్దిమంది. గుట్ట కింద 1994లో జపాన్ వాళ్ళు కట్టుకున్న శాంతి స్మారకం ఉంది. పక్కనే మేం వెళ్ళిన ఏడాది జూన్‌లో తెరిచిన శాంతి మ్యూజియం. లోపల స్థానికులు పొలాల్లో తవ్వి తీసిన హెల్మెట్లు, నీళ్ళ సీసాలు, తుప్పు పట్టిన గుండ్లు ఉన్నాయి.

గుట్ట మీద గడ్డిలో కూర్చున్నాం. కింద మైదానం కళ్ళాపి చల్లిన వాకిలిలా మెరుస్తోంది. బావ ఫోన్ తీశాడు. బయల్దేరే ముందు 25 పౌండర్ ఫిరంగి డ్రిల్లు చార్టొకటి సంపాదించాడు. యుద్ధంలో ఫీల్డ్ రెజిమెంట్లు ఎక్కువగా వాడిన ఫిరంగి అదే. గుండు 25 పౌన్లు, మన లెక్కలో 11 కిలోల పైమాట. 12 కిలోమీటర్ల దాకా పోతుంది. ఒక్కో ఫిరంగికి ఆరుగురు.

"చూడవయ్యా" అన్నాడు బావ. "నంబర్ వన్ హవల్దారు. అరిచేది ఆయన. నంబర్ టూ కుడి పక్కన నిలబడి బ్రీచ్, అంటే గుండు పెట్టే వెనక మూత, తెరుస్తాడు, మూస్తాడు. నంబర్ త్రీ ఎడమ పక్కన సీటులో కూర్చుని గురి పెడతాడు. ఫోర్, ఫైవ్, సిక్స్ గుండ్లు అందిస్తారు."

అంటే అవి ర్యాంకులు కావు, నిలబడే చోట్లు. యాభై ఏళ్ళుగా బావ నా మీద చేసిన పెత్తనం అక్కడితో తీరిపోయింది. ఆ మాటే అన్నాను. ఆయన విననట్టు ఊరుకున్నాడు.

కర్ర సంగతి కూడా బావే విప్పాడు. ఫిరంగి దగ్గర ఉన్నవాడికి శత్రువు కనపడడు. మధ్యలో కొండో, తోపో, పది కిలోమీటర్ల దూరమో ఉంటుంది. ముందు వరసలో ఏదో గుట్ట మీద ఒక ఆఫీసరు దుర్భిణి పట్టుకుని కూర్చుని, గుండు ఎక్కడ పడుతోందో చూసి వైర్‌లెస్‌లో చెబుతాడు. ఎంత తిప్పాలి, ఎంత ఎత్తాలి అని వెనకాల ఇంకొకరు లెక్క కడతారు. నంబర్ త్రీకి అందేది అంకెలు మాత్రమే. ఆ కోణం ఎక్కడి నుంచి కొలవాలి? దానికోసం ఫిరంగికి కొంత దూరంలో ఎరుపు తెలుపు చారల కర్రలు పాతుతారు. డయల్ సైట్ అనే గురి చూసే గొట్టంలోంచి ఆ కర్రను చూసి, అంకె ప్రకారం ఫిరంగిని తిప్పుతాడు.

"మా సర్వేలో బ్యాక్ సైట్ అంటామే, అదే ఇది. నేను ముప్పై ఏళ్ళు చేసిన పనే మీ తాత చేశాడు. నా కర్ర అవతల గట్టు ఉండేది. ఆయన కర్ర అవతల..."

అంటూ మేం కూర్చున్న గడ్డి వైపు చూశాడు.

తాత సరిగ్గా ఈ గుట్ట మీదికే కొట్టాడని నేననను. యూనిట్ నంబరే లేదు, ఏ బ్యాటరీ, అంటే ఏ ఫిరంగుల జట్టు, ఎక్కడుందో మేం ఎలా చెప్పగలం? ఆయన కొట్టిన గుండ్లు ఇలాంటి ఏదో గుట్ట మీద పడి ఉంటాయి. ఆయన వాటి పొగను కూడా చూడలేదు. కింద స్మారకం దగ్గర ఎవరో పెట్టి వెళ్ళిన పూలు వాడిపోయి ఉన్నాయి. మేం పూలు తీసుకెళ్ళలేదు. ఆ ఆలోచనే రాలేదు, నిజం చెప్పాలంటే.

తర్వాత జరిగింది చెబితే పిల్లలాట అంటారు. బావ రెండు రాళ్ళు తెచ్చి మధ్యలో ఒక ఎండు కొమ్మ పెట్టాడు. కొమ్మే ఫిరంగి. ఎడమ రాయి మీద నేను, మా తాతలా, నంబర్ త్రీ. కుడి వైపు బావ, నంబర్ టూ. డ్రైవరు కుర్రాడు నవ్వుతూ నంబర్ వన్‌గా నిలబడి "ఫైర్!" అని అరిచాడు. ఇద్దరం ఒకేసారి చెవులు మూసుకోబోయాం. చేతులు సగంలో ఆగిపోయాయి.

ఫిరంగి నాకు కుడి పక్కన ఉంది. బావకు ఎడమ పక్కన.

తాతకు పోయింది కుడి చెవి. బావ వాళ్ళ తాతకు పోయింది ఎడమ చెవి.

"మరి అరుగు మీద?" అన్నాడు బావ.

ఇద్దరం కళ్ళు మూసుకుని గుర్తు చేసుకున్నాం. అరుగు మీద మా తాత స్తంభం వైపు, వాళ్ళ తాత గుమ్మం వైపు. వీధిలోకి ముఖం పెట్టి కూర్చుంటే మా తాతకు ఎడమ పక్కన వాళ్ళ తాత. అంటే వినపడే ఎడమ చెవి ఇటు, వినపడే కుడి చెవి అటు, రెండూ ఎదురెదురుగా. ఫిరంగి దగ్గర ఎడమ పక్క ఉండే మనిషి అరుగు మీద కుడి పక్కకు మారాడు. నేను లేచి బావకు కుడి పక్కకు వెళ్ళి కూర్చున్నాను. డ్రైవరుకు ఇదంతా హిందీలో చెప్పడానికి చాలాసేపు పట్టింది. అర్థమయ్యాక అతను కొమ్మను తీసి పక్కన పెట్టేశాడు.

మధ్యాహ్నం మొయిరాంగ్ వెళ్ళాం. లోక్తక్ చెరువు మీద గడ్డి దిబ్బలు తేలుతూ ఉంటాయి, వాటిని ఫుమ్ది అంటారు. మొయిరాంగ్‌లో 1944 ఏప్రిల్ 14న ఆజాద్ హింద్ ఫౌజ్ తరఫున కర్నల్ షౌకత్ మలిక్ జెండా ఎగరేశాడు. ఇప్పుడక్కడ ఐ.ఎన్.ఎ. మ్యూజియం ఉంది, బయట నేతాజీ విగ్రహం. ఇక్కడ నాకు కాళ్ళు బరువెక్కాయి. ఆ ఫౌజులో మలయా రబ్బరు తోటల నుంచి చేరిన తమిళులు, తెలుగువాళ్ళు కూడా ఉన్నారు. తాత గుండ్ల కింద మనవాళ్ళు కూడా ఉండి ఉండొచ్చు. మా స్కూల్లో ఒక మేష్టారు ఆగస్టు 15న నేతాజీ గురించి మాట్లాడి, ఆ వెంటనే నన్ను చూసి "మీ తాత అటువైపు కదరా" అన్నారు. ఇంటికొచ్చి చెబితే తాత కోప్పడలేదు. "నెలకు పద్దెనిమిది రూపాయలురా. ఇంటికి పంపితే మీ నాయనమ్మ కూలికి వెళ్ళకుండా గడిచింది" అన్నారు. అది జవాబని నాకు అప్పుడు అనిపించలేదు. మ్యూజియంలో బావ ఫొటోల ముందు నిలబడ్డాడు, నేను బయట మెట్ల మీద కూర్చున్నాను. ఇద్దరం దాని గురించి మాట్లాడుకోలేదు.

నాలుగో రోజు

తూర్పు వైపు పల్లెల్ మీదుగా బర్మా సరిహద్దులోని మోరేకు దారి. పల్లెల్ దాటాక కొండెక్కితే తెంగ్నౌపాల్ దగ్గర షెనామ్ కనుమ. ఇక్కడి గుట్టలకు ఇంగ్లీషు వాళ్ళు జిబ్రాల్టర్, మాల్టా, క్రీట్ అని ఎక్కడో మధ్యధరా సముద్రంలో ఉన్నవాటి పేర్లు పెట్టుకున్నారు. ముందున్న గుట్ట ఒకటి చెట్లన్నీ గుండ్లకు చిరిగిపోయి బోడిగా మిగిలితే దాన్ని స్క్రాగీ అన్నారు. జపాన్ వాళ్ళు ఈ కనుమ దాటలేకపోయారు. దాటి ఉంటే కింద పల్లెల్ రన్‌వే, ఆ వెనకే ఇంఫాల్. ఇప్పుడు గుట్టల నిండా పచ్చగా పొదలు పెరిగాయి. మంచు కమ్మేసి మాకు పది గజాల అవతల ఏమీ కనపడలేదు. అరగంట చలిలో నిలబడి దిగిపోయాం.

ఈ దారికి మా వైపు ఇంకో చుట్టరికం ఉంది. మా చిన్నప్పుడు పెద్దవాళ్ళు రంగూన్‌ను 'రంగం' అనేవాళ్ళు. కాకినాడ, విశాఖపట్నం రేవుల నుంచి ఓడెక్కి వేలమంది రంగం వెళ్ళారు. రేవుల్లో మూటలు మోశారు, మిల్లుల్లో పనిచేశారు. 1942లో జపాన్ వాళ్ళు బర్మాలోకి వచ్చేసరికి ఓడ దొరకనివాళ్ళు కాలినడకన బయల్దేరారు. తమూ, పల్లెల్, ఇంఫాల్ మీదుగా వచ్చిన దారి ఇదే. విరేచనాలకు, మలేరియాకు, ఆకలికి దారి పొడుగునా రాలిపోయారు. పిల్లల్ని ఎత్తుకుని ఈ కనుమ ఎక్కినవాళ్ళలో మన గోదావరి యాసలో ఏడ్చినవాళ్ళు ఎందరున్నారో. వాళ్ళ పేర్లు ఏ రాతి మీదా లేవు.

మోరేలో తమిళులు పెద్ద గుడి కట్టుకున్నారు. 1960లలో బర్మా నుంచి పంపేస్తే వచ్చి, మళ్ళీ అటే వెళ్ళాలని బయల్దేరి, సరిహద్దు దగ్గర ఆగిపోయిన కుటుంబాలు. వాళ్ళ హోటల్లో ఇడ్లీ, సాంబారు దొరికాయి. బావ ఆరు ఇడ్లీలు తిన్నాడు. ఆ యాత్రలో ఆయన అంత ఆనందంగా కనిపించింది అప్పుడొక్కసారే.

ఐదో రోజు

ఉత్తరంగా కొహిమా దాకా 140 కిలోమీటర్లు. కాంగ్లాతోంగ్బి, సేనాపతి, మావో. దారి పక్కన ఆగి మైలురాయి 109 గురించి అడిగాం. 1944 జూన్ 22న కొహిమా నుంచి దిగిన దళాలు, ఇంఫాల్ నుంచి ఎక్కిన దళాలు కలిసింది అక్కడే. ముట్టడి తీరిన చోటు. లారీలు తప్ప ఏమీ లేని మలుపు.

మావో దాటగానే పర్మిట్లు చూశారు. బావ ఛాతీ విరుచుకుని రెండూ తీసి ఇచ్చాడు.

కొహిమా శ్మశానం ఊరి మధ్యలో, మెట్లు మెట్లుగా దిగే కొండవాలు మీద ఉంది. 1,420 సమాధులు. హిందూ, సిక్కు సైనికులు 917 మందికి విడిగా స్మారకం. పైన డిప్యూటీ కమిషనర్ బంగళా, టెన్నిస్ కోర్టు ఉండేవి. ఆ కోర్టుకు ఇటు మన వైపు సైన్యం, అటు జపాన్ వాళ్ళు కందకాలు తవ్వుకుని, గ్రెనేడ్లు విసురుకుంటూ వారాల తరబడి కొట్టుకున్నారు. కోర్టు గీతలున్నచోట ఇప్పుడు తెల్లగా గుర్తులు పెట్టారు. ఆ చోటు మా ఊరి స్కూలు ఆవరణ అంత కూడా ఉండదు.

బావ అక్కడ నిలబడి చుట్టూ చూశాడు. కొండ అంచులు, లోయలు, ఇళ్ళ మీద ఇళ్ళు.

"ఇక్కడ పళ్ళెమేదవయ్యా?" అన్నాడు.

లేదు. ఏప్రిల్‌లో ఈ కొండ మీద చిక్కుకున్నవాళ్ళను కాపాడిన ఫిరంగులు పడమటగా మూడు కిలోమీటర్ల దూరంలో జోత్సోమా దగ్గర ఉన్నాయి. అవి మా తాతల 25 పౌండర్లు కావు, 24వ మౌంటెన్ రెజిమెంటు వాళ్ళ 3.7 అంగుళాల కొండ ఫిరంగులు. విడదీస్తే ఎనిమిది కంచర గాడిదల మీదికి ఎక్కుతాయి. మౌంటెన్ బ్యాటరీల్లో ఎక్కువమంది పంజాబీ ముస్లింలు, సిక్కులు. కొండ మీదున్న ఆఫీసరు చెప్పిన చోట, సొంత కందకాలకు కొద్ది గజాల ముందు గుండ్లు దించారు. ఒక్క అంకె తప్పితే మనవాళ్ళ నెత్తి మీదే. వాళ్ళ మనవలు ఇప్పుడు లాహోర్ వైపో, జలంధర్ వైపో ఉంటారు. కొహిమాను నిలబెట్టిన తాతలు వాళ్ళు.

మా ఇంట్లో డెబ్భై ఏళ్ళుగా చెప్పుకుంటున్న మాట, 'కొహిమాలో జపానోళ్ళను ఆపిన తాత', ఆ టెన్నిస్ కోర్టు దగ్గర జారిపోయింది. నాకు బాధ కలగలేదంటే అబద్ధం. మా పెద్దబ్బాయి కాలేజీలో ఆ మాట మీద వ్యాసం రాసి ప్రైజు కూడా తెచ్చుకున్నాడు.

రాత్రి హోటల్లో పొగబెట్టిన పంది మాంసం, అఖుని వేసి వండింది, పెట్టారు. అఖుని అంటే పులియబెట్టిన సోయా గింజలు. నేను తిన్నాను. బావ అన్నం, అరటిపండు.

ఆరో రోజు

పొద్దున్నే జోత్సోమా వెళ్ళి అక్కడి నుంచి కొహిమా కొండను చూశాం. బావ బొటనవేలు చాపి ఒక కన్ను మూసి దూరం అంచనా కట్టాడు. తర్వాత దిమాపూర్ దిగిపోయాం, 74 కిలోమీటర్లు, దుమ్ము. యుద్ధమప్పుడు రైలు దిగేది ఇక్కడే. బ్రహ్మపుత్ర మీద అప్పటికి వంతెన లేదు. అమీన్‌గావ్ దగ్గర ఆగి, ఫెర్రీ మీద పాండు వైపుకు దాటేవాళ్ళు. దిమాపూర్ నుంచి ఇంఫాల్‌కు లారీల్లో ఒకటే రోడ్డు, కొహిమా మీదుగా.

స్టేషన్లో రైలు కోసం కూర్చుని అత్తకు ఫోన్ చేశాను. తాత పెద్ద కూతురు, డెబ్భై ఏడేళ్ళు. తాత పటాలంలో చేరాక పుట్టింది. 1946లో తాత తిరిగొచ్చినప్పుడు నాలుగేళ్ళ పిల్ల, ఎవరో కొత్త మనిషి ఇంట్లోకి వచ్చాడని ఏడ్చిందట. స్పీకర్ పెట్టాను. మా ఇంట్లో అందరూ ఫోన్లో కూడా కేకలేసే మాట్లాడతారు, పక్క బెంచీ వాళ్ళు తిరిగి చూశారు.

"అత్తా, తాత కొహిమాలో యుద్ధం చెయ్యలేదే" అన్నాను.

"చేశానని ఆయన ఎప్పుడన్నాడ్రా? లారీలో పోతుంటే కొహిమాలో చలికి పళ్ళు కొట్టుకున్నాయి అన్నాడు. యుద్ధం అన్నది మీరు."

బావ తల దించుకుని నవ్వాడు.

నేను ఫిరంగి సంగతి, రాళ్ళు, కొమ్మ, చెవులు, అరుగు మీద వాళ్ళు తారుమారుగా కూర్చోవడం, అంతా చెప్పాను. గుట్ట మీద మాకు ఒళ్ళు జలదరించిన సంగతి కూడా చెప్పాను. అటు నుంచి కాసేపు ఏమీ వినపడలేదు.

"ఇది కనుక్కోడానికా విమానాలెక్కి అంత దూరం పోయారు? రోజూ కాఫీ గ్లాసులు పట్టుకెళ్ళింది నేను. నాన్న కుడి పక్క నుంచి పిలిస్తే పలకడని నాకు నాలుగో ఏట తెలుసు. మావయ్య ఎప్పుడైనా పొరపాటున స్తంభం పక్కన కూర్చుంటే నాన్న లేచి ఇటు వచ్చేవాడు. నన్నడిగితే చెప్పనా?"

"ఎవరూ అడగలేదా అత్తా?"

"మీరంతా మెడల్ గురించి అడిగేవాళ్ళు. సరేగాని, ఆ నల్లబియ్యం ఎంతసేపు నానబెట్టాలో అడిగావా?"

అడగలేదు.